దిగినందుకు శుక్రియా

కొత్తగా లైన్ పనిలో చేరిన పిల్లలు జహీరాబాద్ బజార్లో ఎదురుపడితే నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "సార్, ముప్పై నాలుగేండ్లు జేసిన్రు గద, మీకు ఎన్నడన్న షాక్ కొట్టిందా?" కొట్టలేదని చెబుతాను. వాళ్లు మెచ్చుకోలుగా చూస్తారు. ఆ చూపు నాకు పడదు. కొట్టకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసిన తప్పుకు ఇంకొకరికి కొట్టింది. ఎదురుగా నిలబడి ఆ సంగతి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. చదివాక నన్ను ఏమనుకున్నా ఫర్వాలేదు. స్తంభం ఎక్కేముందు మీరు రెండు నిమిషాలు ఆగితే చాలు.

నేను హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. మాది మూడు తరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. మా తాత చెరుకు కొట్టే కూలీ. కత్తి చేతపట్టే ముందు కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకునేవాడట. ఆ అలవాటు మా నాయనకూ, ఆయన నుంచి నాకూ వచ్చింది. ఎవరు స్తంభం ఎక్కుతున్నా నేను కింద నిలబడి, "దేవా, నీ చేతికి అప్పగిస్తున్న" అనుకునేవాణ్ని. ఇరవై ఏడేళ్లు అట్లాగే గడిచింది. ఆ ఒక్క మాట వల్లే అందరూ క్షేమంగా దిగుతున్నారని నాకు గట్టి నమ్మకం. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ఇదే చెప్పేవాణ్ని.

నాతో ఎక్కువగా పనిచేసినవాడు ఒక అసిస్టెంట్ లైన్‌మన్. నాకంటే పదేళ్లు చిన్న. తక్కువ మాట్లాడతాడు. చొక్కా చేతులు మోచేతి దాకా సమంగా మడిచి, ఎక్కేముందు స్తంభాన్ని ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. నేను ప్రార్థన చేస్తుంటే నవ్వి, "నీ దేవునికి నువ్వు జెప్పు అన్నా, నా స్తంభానికి నేను జెప్త" అనేవాడు. నేను అతణ్ని తమ్మీ అనేవాణ్ని.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. లైన్ మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు ఫోన్ చేసి, ఫలానా ఫీడర్, అంటే అటు కరెంటు పోయే లైన్, ఆపమని అడగాలి. అతను ఆపి, పుస్తకంలో రాసి, ఆపానని చెబుతాడు. దాన్ని ఎల్‌సీ అంటాం. అంతటితో సరిపోదు. పని చేసేచోట లైన్‌కు ఒక రాడ్ తగిలించి, దాన్ని భూమికి కలపాలి. ఎక్కడో పొరపాటు జరిగి తీగలో కరెంటు మిగిలినా అది భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు. పని అయ్యాక అందరూ దిగారని ఆపరేటర్‌కు చెప్పి ఎల్‌సీ తిరిగి ఇచ్చేయాలి. అంతే.

అది ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మొగుడంపల్లి దారిలో ఒక స్తంభం మీద ఇన్సులేటర్ పగిలింది. పక్కనే అల్లం నాటి పదిరోజులైనా కాలేదు. నీళ్లు అందకపోతే విత్తనం మాడిపోతుందని రైతు పొద్దున్నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాడు. మేమిద్దరం బండి మీద వెళ్లాం. రాడ్ ఆ పూట ఇంకో జట్టు దగ్గర ఉంది. వెళ్లి తేవాలంటే ముప్పావుగంట పడుతుంది.

నేను ఫోన్ చేసి మోటార్ల ఫీడర్‌కు ఎల్‌సీ అడిగాను. ఆపరేటర్ ఆపాడు. అతని తప్పేమీ లేదు. తప్పంతా నాది. ఆ స్తంభం మీది తీగను అంతకు నెల ముందే ఊరి ఫీడర్‌కు మార్చారు. మార్చిన రోజు దగ్గరుండి చేయించింది నేనే. అది నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

అతను బెల్టు కట్టుకున్నాడు. స్తంభాన్ని ముట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నా, రాడ్ తెప్పిద్దమా?"

"ఎల్‌సీ తీస్కున్నం గద. ఎక్కు."

ఆ మాట నేను అలవాటుగా అన్నాను. విసుగు కూడా లేదు. తర్వాత కళ్లు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకున్నాను.

ఎండిన గుడ్డను ఒక్క గుంజుకు చింపినట్టు శబ్దం వచ్చింది. కళ్లు తెరిచేసరికి అతను బెల్టుకు వేలాడుతున్నాడు. ఫీడర్ దానంతట అదే ఆగిపోయింది. పొలంలో ఉన్న ఇద్దరు మనుషులు నిచ్చెన, తాడు పట్టుకుని ఉరికివచ్చారు. కిందికి దించాక చూస్తే ఊపిరి లేదు. ఎప్పుడో శిక్షణలో సగం నిద్రలో విన్నది గుర్తు తెచ్చుకుని అతని ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతూ పోయాను. ఎంతసేపో తెలియదు. నీళ్లలోంచి పైకి వచ్చినవాడిలా ఒక్కసారి గాలి పీల్చాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని దవాఖానకు పోయాం. అక్కణ్నుంచి హైదరాబాద్ పంపించారు. ప్రాణం నిలిచింది. కుడిచేయి మోచేతి కింద నుంచి తీసేశారు.

విచారణ జరిగింది. రాడ్ ఎందుకు వేయలేదని నన్ను అడిగారు. రాడ్ అందుబాటులో లేదని రాసిచ్చాను. అది నిజమే. అతను అడిగాడన్న సంగతి, నేను వద్దన్న సంగతి మాత్రం రాయలేదు. విచారణ అధికారి దవాఖానకు వెళ్లి అతణ్ని కూడా అడిగాడు. "ఏం యాదికి లేదు సార్" అన్నాడట. తీర్పులో తప్పు ఇద్దరి మీదా పెట్టారు. పర్యవేక్షణలో నిర్లక్ష్యం, తప్పు ఫీడర్ అడగడం నావి. జాగ్రత్తలు పాటించకుండా ఎక్కిన అజాగ్రత్త అతనిది. ఆ కాగితం మీద సంతకం పెట్టి తీసుకున్న రోజు నేను అన్నం తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఆశ్చర్యం.

భయం ఆ తర్వాత మొదలైంది. ముందు చేతిలో మొదలైంది. ఇంట్లో స్విచ్ వేయాలంటే వేలు ముందుకు పోదు. కుళాయి ఇనుముది కాబట్టి గుడ్డ చుట్టి తిప్పేవాణ్ని. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే ఆ గుయ్‌మనే మోత నా పళ్లల్లో వినబడేది. స్తంభం ఎక్కడం పూర్తిగా మానేశాను. ఇన్‌స్పెక్టర్‌ను కాబట్టి ఎవరూ అడగలేదు. పిల్లలు ఎక్కేచోట మాత్రం మూడు రాడ్లు వేయించేవాణ్ని. సెక్షన్‌లో ఇంత జాగ్రత్త గల మనిషి లేడని కొత్తగా వచ్చిన ఆఫీసర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. భయానికి కూడా మెప్పు దొరుకుతుందని అప్పుడే తెలిసింది.

చర్చికి వెళ్లడం కూడా మానేశాను. కారణం చెబితే మీకు నవ్వు రావచ్చు. మా ప్రార్థనల్లో ప్రతి మూడో మాటకూ "నీ హస్తం" అని వస్తుంది. నీ హస్తంతో కాపాడు, నీ హస్తంతో నడిపించు. ఆ మాట వినబడితే నాకు దవాఖాన మంచం మీద తెల్లగుడ్డ చుట్టిన మోచేయి కళ్ల ముందుకు వచ్చేది. ఒకటి మాత్రం రోజూ తొలిచేది. ఆ రోజు నేను ప్రార్థన చేశాను, రాడ్ వేయలేదు. దేవుడు వినలేదా, లేక నేను ఇన్నేళ్లూ రాడ్ బదులు దేవుణ్ణి వాడుకున్నానా? రెండింట్లో ఏది నిజమైనా ఇక కళ్లు మూసుకోవడానికి నాకు ముఖం లేదు.

ఏడాదిన్నర గడిచాక డిపార్ట్‌మెంట్ అతనికి తేలిక పని ఇచ్చింది. సబ్‌స్టేషన్ ఆపరేటర్. హైవే పక్కనున్న మా సబ్‌స్టేషన్‌లోనే.

ఇకనుంచి లైన్ ఆపేదీ అతనే, వేసేదీ అతనే. స్తంభం మీద ఉన్నవాడి ప్రాణం అతని ఎడమచేతిలో ఉంటుంది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు "హలో, సబ్‌స్టేషన్" అన్న గొంతు విని నేను ఫీడర్ పేరు మరిచిపోయాను. పక్కనున్న లైన్‌మన్‌కు ఫోన్ ఇచ్చేశాను. తర్వాత నెలల తరబడి ఎల్‌సీ అడిగే పని ఎవరో ఒకరికి అప్పగిస్తూ వచ్చాను. పని మీద సబ్‌స్టేషన్‌కు వెళ్లినా బయటి నుంచే మాట్లాడి వచ్చేవాణ్ని. ఒకసారి పుస్తకంలో అతని రాత చూశాను. ఎడమచేత్తో కొత్తగా నేర్చుకున్న అక్షరాలు గాలికి వాలిన చెరుకు గడల్లా ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

అతనికి నిజంగానే ఏదీ గుర్తు లేదా? గుర్తుంటే ఆ మాట ఎందుకు బయటపెట్టలేదు? దేనికోసం దాచిపెట్టుకున్నాడు? ఈ ప్రశ్నలు నన్ను తినేసేవి. మా ఇద్దరి మధ్య మంచి మాట గానీ చెడ్డ మాట గానీ లేదు. పని మాటే. దాంతో భయం ఇంకా పెరిగింది.

ఇంతలో సెక్షన్‌లో ఒక చిన్న విషయం మీద నవ్వులు మొదలయ్యాయి. పని అయ్యాక లైన్‌మన్ ఫోన్ చేసి "దిగినం, ఎల్‌సీ వాపస్" అంటే పాత ఆపరేటర్లు "సరే" అని పెట్టేసేవాళ్లు. ఇతను అట్లా కాదు. "అందరు దిగిన్రా? శుక్రియా" అని పెట్టేవాడట. మా వృత్తిలో ఆ మాట ఎవరి నోటా వినం. కరెంటు పోతే తిడతారు, వస్తే మరిచిపోతారు. పిల్లలు మొదట వేళాకోళం చేశారు. "దిగింది మేమైతే శుక్రియా నువ్వెందుకంటవే" అని అడిగితే ఫోన్ పెట్టేసేవాడట. నవ్వుతూ నవ్వుతూనే వాళ్లు కూడా తిరిగి అనడం మొదలుపెట్టారు. ఎల్‌సీ ఇచ్చినందుకు శుక్రియా, వాపస్ తీసుకున్నందుకు శుక్రియా. తర్వాత నిచ్చెన పట్టిన రైతుకూ, నీళ్ల చెంబు తెచ్చిన ఇల్లాలికీ చెప్పసాగారు. ఒక రైతుకు అది ఎంత వింతగా తోచిందో, మరునాడు మా ఆఫీసు ముందు ఒక మోపు చెరుకు దింపిపోయాడు.

నేను మాత్రం ఆ మాటను పక్కవాడి ఫోన్‌లోంచి విన్నప్పుడల్లా మెడ వంచుకునేవాణ్ని. అతను అందరికీ చెబుతున్నాడు. తనను దించలేకపోయినవాడి జట్టుకు కూడా చెబుతున్నాడు.

ఇంట్లో మా ఆవిడ నా సంగతి కనిపెడుతూనే ఉంది. భోజనం ముందు ప్రార్థన నేను మానేసి అప్పటికి రెండేళ్లు దాటింది. చర్చికి ఒక్కతే వెళ్లివచ్చేది, నన్ను రమ్మనేది కాదు. ఒక మధ్యాహ్నం కంచం ముందు పెట్టి, చేయి వేయబోతుంటే ఆపింది.

"అడగబుద్ధి గాకుంటె అడగకు. ఇయ్యాల మంచిగైంది ఒక్కటి జెప్పి తిను. అబద్ధం మాత్రం జెప్పకు."

చాలాసేపు ఆలోచించి, "బండి పంచర్ గాలే" అన్నాను. ఆమె నవ్వి కూర వడ్డించింది. మరునాడు, పిల్లలంతా దిగారు అన్నాను. ఆ మరునాడు, మామిడి తొక్కు బాగుంది అన్నాను. రోజుకు ఒక్కటి. ఎవరికి చెబుతున్నానో నాకు తెలియదు. పైన ఎవరైనా వింటున్నారని నమ్మి చెప్పలేదు, మా ఆవిడ అన్నం పెట్టదని చెప్పాను. కానీ అన్నం వేళకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా, పొద్దున్నుంచి దాన్ని వెతకడం మొదలైంది. వెతుకుతుంటే కనబడేవి. కంచం ముందు ఆ రెండు నిమిషాలూ భయం గుర్తుకొచ్చేది కాదు.

నా రిటైర్మెంట్‌కు ఏడాది ఉందనగా ఒక రోజు వచ్చింది. మిర్గం కార్తె ఇంకా రాలేదు. పగలు మూడు గంటలకు పడమటి నుంచి గాలి లేచింది. అరగంటలో ఎన్ని స్తంభాలు ఒరిగాయో లెక్క లేదు. ఉన్న లైన్‌మన్లందరూ తలో దిక్కుకు వెళ్లారు. అప్పుడు రాయికోడ్ వైపున్న ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. రిటైరైన టీచరమ్మ ఒకామె ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉంది. కరెంటు లేక మిషన్ ఆగింది. చిన్న సిలిండర్ పెట్టారు, అది గంటన్నర కంటే రాదు. అంబులెన్స్ బయలుదేరింది గానీ దారిలో చెట్లు పడి ఆగిపోయింది. ఆమె కొడుకు చెబుతుంటే వెనక ఎవరో ఏడుస్తున్నారు.

నేను ఇద్దరు ముగ్గురు లైన్‌మన్లకు ఫోన్ చేశాను. ఎవరూ రెండు గంటల లోపు రాలేమన్నారు. రాడ్లు, బెల్టు బండికి కట్టుకుని నేనే వెళ్లాను. పొలాల గట్ల మీదుగా బండి తోసుకుంటూ వెళ్లేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఊరి చివరి స్తంభం మీద కొమ్మ పడి తీగ ముక్క ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని తిరిగి కలిపితే చాలు. పావుగంట పని. ఎవరైనా ఎక్కాలి. నేను తప్ప అక్కడ ఎవరూ లేరు.

ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాను. అతనే ఎత్తాడు. ఫీడర్ పేరు చెప్పాను. అతను తిరిగి చెప్పాడు. స్తంభం ఎక్కడుందో అడిగాడు, చెప్పాను. కొంతసేపటికి, "ఆపిన. మనుషులు పనిల ఉన్నరని బోర్డు పెట్టిన" అన్నాడు.

టెస్టర్ పెట్టి చూశాను, కరెంటు లేదు. రాడ్ వేశాను. అవతలి వైపు ఇంకో రాడ్ వేశాను. టీచరమ్మ కొడుకు నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నేను నిచ్చెన మీద చెయ్యి వేశాను. చెయ్యి జారిపోయింది. చెమట. మళ్లీ వేశాను. కాలు లేవలేదు. ఆ తీగను చూస్తుంటే నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంది. టెస్టర్ అబద్ధం చెబితే? రాడ్ మట్టిలో సరిగా దిగకపోతే? అతను వేరే ఫీడర్ ఆపి ఉంటే? కావాలనే వేరేది ఆపి ఉంటే? ఆ చివరి ప్రశ్న వచ్చేసరికి గట్టు పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నాను. కొడుకు ఇంటి వైపు చూశాడు, మళ్లీ నిచ్చెన పట్టుకున్నాడు.

నేను మళ్లీ ఫోన్ చేశాను.

"తమ్మీ, ఆ రోజు నువ్వు రాడ్ అడిగినవ్. నేనే వద్దన్న."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"నాకెరికె అన్నా. అడిగింది నేనే గద."

"మరి యాదికి లేదన్నవ్."

"అవన్ని తర్వాత. ఇప్పుడు రాడ్ వేసినవా?"

"రెండు వేసిన."

"అయితె ఎక్కు. నువ్వు దిగి ఫోన్ జేసేదాక నేను ఈ కుర్చీల కెల్లి లెవ్వ."

ఎక్కాను. ధైర్యం వచ్చి ఎక్కలేదు. భయం అట్లాగే ఉంది, దానితోపాటే ఎక్కాను. ఒక్కో మెట్టు మీద ఆగాను. పైకి చేరి బెల్టు వేసుకున్నాక తీగ ముఖానికి ఎదురుగా ఉంది. దాన్ని పట్టుకోవాలి. పాత ప్రార్థన నోటికి రాలేదు. ఏదైనా అడగడానికి మనసు ఒప్పలేదు. మా ఆవిడ నేర్పిన అలవాటే పెదవుల మీదికి వచ్చింది. రాడ్ ఉన్నందుకు స్తోత్రం, అన్నాను. బెల్టు గట్టిగా ఉన్నందుకు. కింద టీచరమ్మ కొడుకు నిచ్చెన వదలనందుకు. గాలి ఆగినందుకు. అక్కడ కుర్చీలో అతను కూర్చున్నందుకు. ఈసారి ఎవరికి చెబుతున్నానో నాకు తెలిసింది. తీగ పట్టుకున్నాను. చల్లగా ఉంది, మామూలు తీగలా.

పని అయ్యాక దిగి, రాడ్లు తీసి, ఫోన్ చేశాను. అతను అనేలోపే నేను అన్నాను.

"దిగిన తమ్మీ. శుక్రియా."

అతను లైన్ వేశాడు. వీధి చివరి ఇంట్లో మిషన్ కీచుమని మోగి మొదలైంది. నిచ్చెన పట్టిన కొడుకు ఇంట్లోకి ఉరికాడు. సిలిండర్‌లో ఇంకా కాస్త మిగిలి ఉందని తర్వాత చెప్పారు. టీచరమ్మ బతికింది.

నేను ఫోన్ పెట్టేయలేదు. అతనూ పెట్టలేదు. అతనే మొదలుపెట్టాడు. విచారణ అధికారి వచ్చిన రోజు ఉద్యోగాలు ఇద్దరివీ పోతాయని భయపడి యాదికి లేదన్నాడట. తర్వాత కోపం వచ్చిందట, అప్పటికి ఆలస్యమైంది. ఆ తర్వాత అన్న మాట మాత్రం అతని నోటితోనే చెబుతాను.

"మొదట్ల నీ జట్టోళ్లు ఎల్‌సీ అడిగితె నా చెయ్యి హ్యాండిల్ మీద ఆగేది అన్నా. ఎందుకాగేదో నీకు జెప్ప. నాకు నేనంటె భయమయ్యేది. అందుకే ప్రతి మనిషి దిగినంక శుక్రియా అనుకునుడు వెట్టిన. మీరు దిగితె నేను గూడ దిగినట్టె."

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లూ నేనొక్కణ్నే భయపడుతున్నాననుకున్నాను. తీగకు అవతలి చివర అతను కూడా నాలాగే భయపడుతూ, ఆ భయాన్ని రోజుకు పదిసార్లు ఒక్క మాటతో ఆపుతూ వచ్చాడు.

ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. ఆఖరి వరసలో కూర్చున్నాను. మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి ఒకసారి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. పాస్టరు గారు "కృతజ్ఞత చెప్పేవాళ్లు లేవండి" అంటే లేచాను. అందరూ పాత సాక్ష్యం వస్తుందనుకున్నారు. రాడ్ వేయకుండా ప్రార్థన చేసి ఒక మనిషి చెయ్యి పోగొట్టాననీ, ఆ మనిషి నన్ను మొన్న క్షేమంగా దించాడనీ చెప్పి కూర్చున్నాను. బయటికి వచ్చాక ఒకరిద్దరు చేయి కలిపారు. కొందరు కలపలేదు.

చెప్పాక ఊరట వస్తుందనుకున్నాను. రాలేదు. అతని ఫైల్‌లో నా అబద్ధం అట్లాగే ఉంది. ఆ కాగితం అక్కడ ఉండగా అతనికి నేను ఎన్ని శుక్రియాలు చెప్పినా అవి ఉత్త మాటలే. రిటైర్మెంట్‌కు నాలుగు నెలలు ఉందనగా, జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసర్‌కు ఇచ్చాను. ఇవ్వడానికి ముందు మూడు రోజులు ఆ కవరు జేబులో పెట్టుకుని తిరిగాను. స్తంభం దగ్గర పడ్డ భయం కంటే అది తక్కువేమీ కాదు. ఆఫీసర్ రెండుసార్లు చదివి, "ఇప్పుడెందుకు?" అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదని అడిగితే చెప్పగలను సార్, భయపడి, అన్నాను.

మళ్లీ విచారణ, మళ్లీ సంతకాలు. నామీద ఇంకో శిక్ష రాశారు. రిటైరైన రోజు నాకు దండ వేసే సభ జరగలేదు. తాళాలు, రాడ్లు అప్పగించి, బండి మీద ఇంటికి వచ్చాను. సెక్షన్‌లో కొందరు మాట్లాడటం మానేశారు. న్యాయమే.

సవరించిన ఉత్తర్వు ఆ తర్వాత వారానికి వచ్చింది. ప్రమాదంలో అతని అజాగ్రత్త ఏమీ లేదని, రాడ్ కావాలని అతను అడిగాడని ఆ కాగితంలో ఉంది. ఆఫీసు నుంచి పంపించేవాళ్లే, కానీ నేను అడిగి తీసుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. ఈసారి లోపలికి పోయాను. అతను నిలబడే చదివాడు. సగంలో ఫోన్ మోగింది. కాగితాన్ని కుడి మొండిచేతి కింద అదిమిపెట్టుకుని, ఎడమచేత్తో ఫోన్ ఎత్తి, అందరు దిగిన్రా అని అడిగి, లైన్ వేసి, పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"మా బిడ్డకు సదివిపియ్యాలె అన్నా. బడిల ఎవలో అన్నరట, మీ నాయిన పైలం లేక చెయ్యి పోగొట్టుకున్నడని. అప్పట్సంది నన్ను ఏమడగలే."

నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. చాయ్ తాగి బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చే దారిలో రైల్వే గేటు వేసి ఉంది. చెరుకు లారీల మధ్య బండి ఆపి నిలబడ్డాను. ప్రమాదం జరిగిన తర్వాత దేవునికి కృతజ్ఞతలు చెప్పడం మళ్లీ వచ్చింది గానీ ఒక్కటి కూడా అడగలేదు. ఆ రోజు అడిగాను. ఆ పిల్ల ఆ కాగితం చదువుతున్నప్పుడు వాళ్ల నాయన ఇంట్లోనే ఉండాలని, డ్యూటీలో ఉండకూడదని అడిగాను. గేటు లేచేదాకా అడుగుతూనే ఉన్నాను.